మా అమ్మాయికి ఒక భుజం కొట్టండి

రూసే,
మార్చి 2

తోడల్లుడు అస్పారుఖ్ ఇంజనీరుకు,

నెదెల్చో రాస్తున్నాను. చేతిరాత చూడగానే చించెయ్యకు. తొమ్మిదేళ్ళ తర్వాత ఉత్తరం అంటే చావు కబురనుకుంటావేమో. కాదు. నీకు అంతకన్నా మింగుడుపడని కబురు. సంతోషం!

మా జోర్నిత్సా ప్రసంగం మే నెలలో ప్లోవ్‌దివ్‌లో జరిగే నీటి ఇంజనీర్ల మహాసభకు ఎంపికైంది! పద్దెనిమిది దేశాలవాళ్ళు వస్తారట. కబురు తెలిసిన రోజు వంటింట్లో నేను ఒక్కణ్ణే చిందులేశాను. "మోకాలు జాగ్రత్త ముసలాడా, అది కూడా లీకవుతుంది" అంది నీ మరదలు దోన్కా. లీకైతే కానీ అన్నాను. డెబ్బై నాలుగేళ్ళకు ఇంకేం దాచుకోవాలి?

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. భూమికి చెవి ఆనించి ముప్పై నాలుగేళ్ళు కింది గొట్టాల్లోంచి నీళ్ళు కారే చప్పుడు విన్నవాణ్ణి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది ఇష్టమైనవాళ్ళ మాటలకోసం దాచుకున్నాను.

మా పిల్ల అక్రోటు కాయంత పరికరం చేసింది. గొట్టానికి అంటిస్తే అదే వింటుంది, ఎక్కడ కారుతోందో చెబుతుంది. పోర్తో నగరంవాళ్ళు ఇలాంటిది ఒకటి ఎంచుకుని రెండేళ్ళు తమ గొట్టాలమీద పెట్టి చూస్తారట. ఎంచేది డాక్టర్ లిదియా మోంతెరో అనే ఆవిడ. ఆవిడ ఈ సభకు వస్తోంది. ఆవిడ చేత ఔననిపించుకోకపోతే, ఆకురాలు కాలానికి ఇక్కడి నీళ్ళ ఆఫీసువాళ్ళు పిల్ల పనిచేసే గది మూసేసి, ఇంటింటికీ మీటర్లు చూడటానికి పంపుతారు. అందుకే నిరుడు నీ గుమ్మం ఎక్కింది, ఆవిడకు ఒక్క మాట పరిచయం చెయ్యమని. నువ్వేమన్నావు? "అమ్మాయీ, నా వ్రుస్కి ఇలాంటి చిల్లర పనులకు కాదు" అన్నావు. మనవాళ్ళు బూటు తాడుకూ పెద్దల దగ్గర పలుకుబడికీ వ్రుస్కి అని ఒకే మాట ఊరికే పెట్టలేదు. నువ్వు జీవితమంతా ఆ తాళ్ళ బలంతోనే నడిచావు.

ఇప్పుడు విను. మా పిల్లకు నీ తాడు అక్కర్లేదు. ఉద్యోగస్తులందరూ చేరే నెట్‌వర్కు ఒకటుంది, ఫోన్‌లోనే. దాంట్లో పిల్ల పేరు కింద స్పష్టంగా రాసి ఉంది: వ్రుస్కి, 312. మూడు వందల పన్నెండు! నువ్వు డైరెక్టరుగా వెలిగిన రోజుల్లో నీకు పదకొండైనా ఉన్నాయా?

ఆదివారం నా పక్కన కూర్చుని చూపించింది. సభకు ఎవరెవరు వస్తున్నారో రెండు నెలల ముందే చూసుకుంటుంది. ఒక్కొక్కరు రాసింది చదువుతుంది. ఐదారుగురికి మాత్రం నాలుగు ముక్కలు రాస్తుంది: మీ పనిలో ఫలానాది నాకు నచ్చింది, కాఫీ వేళ పది నిమిషాలు కూర్చుందామా అని.

"ఇది అడుక్కోవడం కాదా?" అన్నాను.

"కాదు నాన్నా, ముందుగా తలుపు తట్టడం. మెల్లగా."

మెల్లగా! ఎంత మర్యాదగల పిల్లో చూడు. మార్చి ఒకటిన చేతికి కట్టే మన మార్తా దారం కవరులో పెట్టింది దోన్కా, నేను కాదు.

నీ మూడు గోతుల్ని ఇంకా మరిచిపోని
నెదెల్చో


సోఫియా,
మార్చి 14

శ్రీ నెదెల్చో గారికి,

మీ ఉత్తరం అందింది. ఎర్ర తెల్ల దారం తిప్పి పంపుతున్నాను. నా మణికట్టుకు దారాలు కట్టుకునే వయసు దాటింది.

మీ కుమార్తె ప్రసంగం గురించి నాకు ముందే తెలుసు. ఆ సభ కార్యవర్గంలో నేను ఒక సభ్యుణ్ణి. ఈ సంగతి గుర్తుంచుకోవడం మీకు మంచిది.

ముఖం చూడని మూడు వందల పన్నెండు మందిని పలుకుబడి అనుకోవడం మీ చదువుకు తగినట్టే ఉంది. మా కాలంలో సభకు వెళ్ళేది చేసిన పని చెప్పడానికి. కాఫీ బల్ల దగ్గర మాటువేసి మనుషుల్ని పట్టుకోవడానికి కాదు. పనిలో సరుకుంటే డాక్టర్ మోంతెరో తనంతట తానే వింటారు. లేకపోతే వెయ్యి తలుపులు తట్టినా లాభం లేదు.

మరొక మాట. గోతులు మూడు కాదు, రెండు. మూడోది రోడ్డువాళ్ళు తమ పనికోసం తవ్వుకున్నది. పాతికేళ్ళుగా మీరు చుట్టాలందరికీ మూడని చెబుతూ వస్తున్నారు. లీకు ఎక్కడో జర్మనీ యంత్రం తప్పు చూపించిన మాట, మీ కర్ర సరిగ్గా చెప్పిన మాట నిజమే. అంతమాత్రాన కర్ర ముక్కను పంటితో కరిచి పట్టుకుని నడివీధిలో బోర్లా పడుకునే మనిషిని కొలువులో ఉంచుకోవడం ఏ నగరానికీ గౌరవం కాదు. ఆ రోజు మిమ్మల్ని పదవీ విరమణకు పంపినందుకు నాకు విచారం లేదు.

స్తెఫ్కా తన చెల్లెలికి కుశలం చెప్పమంది.

అస్పారుఖ్ దెలిరాదెవ్
ఇంజనీరు


రూసే,
మార్చి 25

ఇంజనీరూ,

మీరు మీరు అంటూ రాశావు. నీ పెళ్ళిలో నా చొక్కామీద వాంతి చేసుకున్నప్పుడు లేని మర్యాద ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?

అయినా నీమీద కోపం తెచ్చుకునే తీరిక నాకు లేదు. ఎందుకంటావా? నేనూ చేరాను! నెట్‌వర్కులో! నేను, ఏడో తరగతి చదివిన నెదెల్చో దొబ్రెవ్! పిల్లే కూర్చుని నా పేరు రాసింది. నువ్వు తిప్పి పంపిన దారం నా వినే కర్రకు కట్టి, ఆ కర్రతో నా ఫోటో తీసింది. "వృత్తి ఏమని పెట్టను నాన్నా?" అంది.

"చెవి" అన్నాను.

"చెవి అంటే వృత్తి కాదు."

"ముప్పై నాలుగేళ్ళు జీతం దేనికిచ్చారే మరి?"

నవ్వి అలాగే పెట్టింది. నెదెల్చో దొబ్రెవ్, చెవి. ఎంత బాగుందో!

"సరదాగా చూసుకో. ఎవరికీ ఏమీ రాయకు" అని వెళ్ళింది. అలాగేనమ్మా అన్నాను. కానీ తోడల్లుడా, నువ్వే చెప్పు. నీ బిడ్డ పెళ్ళిపందిట్లో నిలబడితే నువ్వు మూల కూర్చుంటావా? సభకు వచ్చేవాళ్ళ పేర్లన్నీ అక్కడే ఉన్నాయి. ముఖాలతో సహా! మంచి ముఖాలున్న ఇరవై ఆరుగురిని ఏరాను. నాకు వచ్చినది మన బల్గేరియన్ ఒక్కటే కాబట్టి, మన మాటలు రాస్తే ఫోనే వాళ్ళ భాషలోకి మార్చేసింది. ఏం కాలం వచ్చిందయ్యా!

అందరికీ ఇలా రాశాను: "నేను జోర్నిత్సా తండ్రిని. బంగారం లాంటి పిల్ల. సభలో కనబడితే మా అమ్మాయికి ఒక భుజం కొట్టండి. ఊరికే వద్దు, భుజం కొట్టిన ప్రతివాళ్ళకూ నా చేత్తో కాచిన ప్లమ్ పళ్ళ రకియా సారా ఒక సీసా ఇస్తాను." చెయ్యి సాయానికి సీసా ఇవ్వడం మన దగ్గర పద్ధతే కదా. వట్టి చేతులతో వ్రుస్కి దగ్గరికి ఎవడు వెళ్ళాడు?

ఆ పోర్తో ఆవిడకు మాత్రం పెద్దగా రాశాను. పోత ఇనుప గొట్టం కారితే ఈల వేస్తుందనీ, ప్లాస్టిక్ గొట్టం దగ్గుతుందనీ, చెవి మొరాయిస్తే కర్ర కొస పంటితో కరవాలనీ, అప్పుడు చప్పుడు ఎముకలోంచి నడిచి వస్తుందనీ రాశాను. పిల్ల పరికరం పుట్టింది అందులోంచే. నా పళ్ళలోంచి!

పనిలో పనిగా నీ పేరూ వెతికాను. దొరికావు. టై కట్టుకున్న ఫోటో. నీ వ్రుస్కి ఎన్నో తెలుసా? నాలుగు. అందులో ఒకరు స్తెఫ్కా వదిన.

మూడు గోతులు. మూడే. నేను పక్కనే నిలబడి లెక్కపెట్టాను.

నెదెల్చో
చెవి


సోఫియా,
ఏప్రిల్ 9

నెదెల్చో,

నువ్వు మనిషివా, ముంచుకొచ్చే వరదవా?

నువ్వు పంపినది ఆ ఇరవై ఆరుగురికీ ఎలా చేరిందో తెలుసా? ఆ ఫోన్‌కు మన సామెతలు తెలియవు. "భుజం కొట్టడం" అంటే సాయం పట్టడమని రూసేలో కోడిపిల్లకు కూడా తెలుసు. ఇంగ్లీషులో వాళ్ళు చదివింది ఇది: "దయచేసి నా కూతురు భుజం మీద ఒక దెబ్బ వేయండి. దెబ్బకు ఒక సారా సీసా." కింద కర్ర పట్టుకున్న నీ ఫోటో! చెవి అన్న ఉద్యోగం!

వియెన్నా నుంచి ఒక పెద్దమనిషి కార్యవర్గానికి ఫిర్యాదు రాశాడు. "ఇది లంచమా, కొట్లాటా? దయచేసి స్పష్టం చేయగలరు" అని అడిగాడు. లంచమో కొట్లాటో నేను చెప్పాలట! ముప్పై ఏళ్ళు ఈ సంఘంలో కూర్చున్నాను. నా ముఖాన ఎవరూ ఇలాంటి కాగితం పెట్టలేదు. పైగా ఆ సీసా మాట పరికరాన్ని ఎంచబోయే డాక్టర్ మోంతెరోకు కూడా ఇచ్చావు. దానికి పేరేమిటో తెలుసా? తీర్పరికి తాగుడు చూపించడం.

ఏప్రిల్ 20న కార్యవర్గం కూర్చుంటుంది. నీ కూతురి ప్రసంగం జాబితాలోంచి తీసెయ్యాలని నేనే ప్రతిపాదిస్తాను. నా మీదికి మాట రాకుండా ఉండాలంటే నాకు వేరే దారి లేదు. బంధువని వెనకేసుకొచ్చాడని రేపు ఎవడైనా అంటే?

చూశావా, ముఖం తెలియని వాళ్ళ తలుపులు తడితే ఏమవుతుందో! నెట్‌వర్కట. నువ్వు బురదలో బోర్లా పడుకున్న రోజే నయం. అప్పుడు తడిసింది నువ్వొక్కడివే.

అస్పారుఖ్


రూసే,
ఏప్రిల్ 13

అస్పారుఖ్,

నీ ఉత్తరం నేను కాదు, పిల్ల ముందు చదివింది. బల్లమీద పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి నిలబడే చదువుతోంది.

కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. "నాన్నా, నేను ఆరు తలుపులు మెల్లగా తట్టాను. రెండు తెరుచుకున్నాయి. లిదియా గారు కాఫీకి ఒప్పుకుని రాశారు. నువ్వు ఇరవై ఆరు తలుపుల మీద గొడ్డలితో పడ్డావు" అంది. అంతే. నా ఫోన్ తీసి రొట్టెల డబ్బాలో పెట్టింది. ఆ రోజు నుంచీ నాతో మాట్లాడటం లేదు. ఉప్పు కావాలన్నా తల్లినే అడుగుతుంది. ఉప్పు నా మోచేతి పక్కనే ఉంటుంది.

దోన్కా అయితే, "వినడం తప్ప నీకేం చేతకాదని నాకు పెళ్ళినాడే తెలుసు. ఆ ఒక్కటీ చెయ్యలేకపోయావు" అంది. నిజమే. ఎవరికీ రాయకు అని పిల్ల కుడి చెవి వైపు నిలబడే చెప్పింది.

ఇప్పుడు నీతో పని పడింది. పడ్డందుకు నా పళ్ళు నేనే కొరుక్కుంటున్నాను. నువ్వు చెడ్డవాడివి అస్పారుఖ్. చిన్నమనసువాడివి. నన్ను ఇంటికి పంపిన కాగితంమీద నా పేరు కూడా తప్పు రాశావు. కానీ దెబ్బ నాకు వెయ్యి. రాసింది నేను, సీసా చూపింది నేను. కావాలంటే రైలెక్కి వచ్చి మీ కార్యవర్గం ముందు నిలబడతాను. మూర్ఖుణ్ణని రాసిస్తాను. పిల్ల పేరు మాత్రం కొట్టెయ్యకు. దాని చేతికి మీటర్ల పుస్తకం ఇప్పించకు.

నీ కాళ్ళు పట్టుకోను. వంగితే మళ్ళీ లేవలేను.

ఇంకొకటి ఇస్తాను. నీకు అంతకన్నా కావలసింది నా దగ్గర ఏమీ లేదు. గోతులు రెండు. ఇదిగో, నా చేత్తో రాస్తున్నాను: గోతులు రెండే. చుట్టాలందరికీ చెబుతాను. పిల్ల పేరు ఉంచుతానంటే, ఒకటే అని కూడా రాస్తాను.

నెదెల్చో


సోఫియా,
మే 21

నెదెల్చో,

నీ కాగితం అందింది. జవాబు రాయకపోవడం కావాలనే. ఇదీ జవాబు కాదు. జరిగింది నా నోట వినకపోతే నువ్వు రూసే అంతా పెంచి చెబుతావు కాబట్టి రాస్తున్నాను.

ఏప్రిల్ 20న ప్రతిపాదన పెట్టాను. పెడతానన్నాను, పెట్టాను. ఆ మాటలు అందినవాళ్ళలో ఒకరని పిలిపించగా వీడియోలో కూర్చున్న డాక్టర్ మోంతెరో, వాటిని పైకి చదవమన్నారు. నాకు అందిన ఇంగ్లీషు కాగితమే చదివాను. గదిలో ఉన్న ఆరుగురూ పగలబడి నవ్వారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, మా పల్లెలో మా తాత కూడా ఇలాగే సీసాలు పంచేవాడు, ఆ పిల్లను మాట్లాడనివ్వండి, నా వంతు సీసా మాత్రం నాకొద్దు, తీర్పరిని కదా అన్నారు. ప్రతిపాదన ఓడిపోయింది. చెయ్యి ఎత్తింది ఒక్కడే. అది నేనే.

ప్లోవ్‌దివ్‌లో మొదటి రోజు కాఫీ వేళ నీ కూతురు ఎర్ర జాకెట్టు వేసుకుని కిటికీ దగ్గర నిలబడింది. పోలండు మనిషి ఒకడు వచ్చి, భుజం మీద వేలితో తట్టి, "సీసా ఎక్కడ?" అన్నాడు. తర్వాత ఇద్దరు స్లొవేనియా వాళ్ళు. తర్వాత, నమ్ముతావో లేదో, ఫిర్యాదు చేసిన వియెన్నా పెద్దమనిషి. వచ్చి, వంగి నమస్కరించి, "కొట్లాటకు వచ్చాను" అని తట్టాడు. మధ్యాహ్నానికి పద్నాలుగు మంది అయ్యారు. ముందుగా రాసుకుని కలిసేవాళ్ళు ఒకరి ఛాతీమీది పేరుబిళ్ళ ఒకరు చదువుకుంటూ తిరుగుతారు. నీ కూతురి పేరుబిళ్ళ ఎవరూ చదవలేదు. అవసరం లేకపోయింది. పిల్ల ముఖం జాకెట్టు కన్నా ఎర్రబడింది. కానీ ఒకటి ఒప్పుకుంటాను. తట్టిన ప్రతివాడి పనీ ఆమెకు తెలుసు. ఒక్కొక్కరినీ వాళ్ళ పని గురించే అడిగింది. ముందుగా చదువుకుని వచ్చింది. అది నువ్వు నేర్పింది కాదు.

డాక్టర్ మోంతెరో తట్టలేదు. వచ్చి, "పంటితో కరవడం గురించి చెప్పు" అన్నారు. పది నిమిషాలు అడిగిన మనిషి ఆవిడతో యాభై నిమిషాలు కూర్చుంది. ఇద్దరూ కాఫీ చెంచాలు పంటితో పట్టుకుని బల్ల కాలికి ఆనించి వింటుంటే నేను చూశాను. నడి హాల్లో. విశ్వవిద్యాలయాల వాళ్ళందరి ముందు.

నీ కూతురు నాతో మాట్లాడలేదు. నేనూ ఆశించలేదు. నా పక్క కుర్చీ రెండు రోజులూ ఖాళీగానే ఉంది. కాఫీ ప్రశాంతంగా తాగాను. ఎవరైనా వచ్చారంటే ఒకటే ప్రశ్న: "మీరు రూసేలో పనిచేశారట, ఆ చెవి మీకు తెలుసా?"

రెండోరోజు డాక్టర్ మోంతెరో కూడా వచ్చారు. "ఇలాంటి మనిషిని ఇంటికి పంపిందెవరు?" అని అడిగారు.

ఆవిడకు నా పేరు చెప్పాలనిపించలేదు. "మూడు గోతులు తవ్వించినవాడు" అన్నాను.

ఇది క్షమాపణ కాదు. పోర్తో సంగతి నీ కూతురే చెబుతుంది. నీ రెండు గోతుల కాగితం ఇందులో తిప్పి పంపుతున్నాను. నాకు అక్కర్లేదు.

అస్పారుఖ్


రూసే,
జూన్ 4

అస్పారుఖ్!

పోర్తో ఔనంది! ఔనంది! నిన్న ఉదయం కబురు వచ్చింది. రెండేళ్ళు! నలభై పరికరాలు! నేను మళ్ళీ చిందులేశాను, మోకాలు మళ్ళీ పట్టేసింది, ఇప్పుడు కాలు స్టూలు మీద పెట్టుకుని రాస్తున్నాను. వీధి చివర రొట్టెల కొట్టువాడికి చెప్పాను. బస్సు ఎక్కబోతున్న పరాయి మనిషికి చెప్పాను. పాపం, "మంచిది తాతా" అని బస్సు వదులుకున్నాడు.

పిల్ల మాట్లాడింది. ప్లోవ్‌దివ్ నుంచి వచ్చిన రోజు బ్యాగు కింద పెట్టకుండానే, "పద్నాలుగు సీసాలు, నాన్నా. మాటిచ్చావు. కట్టి పంపేది నువ్వే" అంది. తర్వాత నా భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. నిజంగా కొట్టిందయ్యా! ఇప్పటికీ నొప్పిగా ఉంది. ఎంత సంతోషంగా ఉందో!

ఇంకా పూర్తిగా క్షమించలేదులే. ఫోన్ తిరిగి ఇచ్చింది కానీ రాసే ముందు తనకు చూపించాలట.

నీ చెయ్యి ఒక్కటే లేచిందని దాచకుండా రాశావు. ఆ పని చేసినందుకు బతికినంతకాలం నిన్ను తిడతాను. వదిన ఎదురుగానే తిడతాను. అది అలా ఉంచు.

ఆదివారం రొట్టెల డబ్బాలోంచి ఫోన్ బయటికి వచ్చాక చూస్తే, అందులో ఒక కోరిక కూర్చుని ఉంది. టై కట్టుకున్న ఫోటో. "అస్పారుఖ్ దెలిరాదెవ్ మీతో వ్రుస్కి కోరుతున్నారు." తేదీ చూశాను. మే 18. సభ రెండోరోజు, కాఫీ వేళ. హాలంతా మనుషులుండగా నువ్వు ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని నా పేరు వెతికావన్నమాట. నీకు నాలుగే ఉన్నాయి. నన్ను కలుపుకుంటే ఐదు.

"నొక్కు నాన్నా" అంది పిల్ల. నొక్కలేదు.

ఇలా వేలితో నొక్కితే అయిపోయేది కాదు మన సంగతి. ఈ నెలాఖరున పెట్రోవ్‌దెన్ పండక్కి రా. వదినను తీసుకుని రా. ఆ మూడు గోతుల చోటికి వెళ్ళి పక్కపక్కన నిలబడి ఒకసారి మళ్ళీ లెక్కపెడదాం. తర్వాత మా ఇంటికి పోదాం. మా గుమ్మం దగ్గర బూట్లు విప్పాలి. ఎంతటి ఇంజనీరైనా తన వ్రుస్కి తానే వంగి విప్పుకోవాలి, మా ఇంట్లో వాటి చెల్లుబాటు అంతవరకే.

నీకు నడుము పట్టేస్తుందని స్తెఫ్కా వదిన చెప్పింది. వంగలేకపోతే సిగ్గుపడకు, ఒక భుజం కొడతాను.

నెదెల్చో
చెవి